రోజుకు రెండు చుక్కలు

దుకాణం వెనక గది
ఆదివారం

పిచికా,

నువ్వు పంపిన పెట్టె అందింది. అందులో పాత పేపర్లు ఎంత కుక్కావంటే, సీసా వెతుక్కునేసరికి నాకు ఆయాసం వచ్చింది. నవ్వకు. ఈ మధ్య నాకు దేనికైనా ఆయాసమే. మెట్లెక్కితే ఆయాసం, మిషన్ మీద పెద్ద కర్టెన్ గుడ్డ వేసి లాగితే ఆయాసం. ఇవన్నీ ఫోన్లో చెబుదామనుకుంటాను గానీ నువ్వు "హలో" అనగానే నాకు మాటలు ఎగిరిపోతాయి. నాకు ఈ ఉత్తరాలే నయం.

మెడ సంగతి అడిగావు. అలాగే ఉంది. ఒకప్పుడు నిమ్మకాయంత గడ్డ ఒక్కటే ఉండేది. ఇప్పుడు దానికి తోడుగా పక్కన ఇంకో రెండు చిన్నవి పుట్టుకొచ్చాయి. వేలితో తడిమితే గులకరాళ్ళ సంచిలా తగులుతుంది. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బందీ లేదు. అప్పట్లో చూసిన డాక్టరు "ప్రమాదం లేదు, కానీ ఏటా వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి" అన్నాడు. కొన్నాళ్ళు వెళ్ళాను, తర్వాత మానేశాను. నా జాకెట్లన్నిటికీ పైకి కాలరు కుట్టుకున్నాను. అద్దంలో గడ్డ కనబడదు, నాకు అంతే చాలు.

మీ బావ ఆ సీసాని వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "డాక్టర్ని ఒక్కమాట అడిగి వేసుకోరాదా?" అన్నారు.

"అయోడిన్ అంటే ఉప్పులో ఉండేదేగా! ఉప్పు తినడానికి డాక్టర్ని అడుగుతామా?" అన్నాను.

వెంటనే గుండుసూది తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నారు. నోట్లో గుండుసూది ఉన్నవాడు జవాబు చెప్పక్కర్లేదు కదా, అదీ ఆయన తెలివి.

బళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. ఆయన కత్తిరించినంత వేగంగా నేను కుట్టలేకపోతున్నాను. రేపటి నుంచి నీ చుక్కలు మొదలుపెడతాను. ఎలా వేసుకోవాలో వివరంగా రాయి. నీకు అన్నం కలిపి పెట్టిన చేతికి నువ్వు మందు పంపే రోజొచ్చింది, చూశావా.

అక్క


కళ్ళద్దాల దుకాణం
భోజనాల వేళ

అక్కా,

గ్లాసుడు నీళ్ళలో రెండు చుక్కలు, పొద్దున తిన్నాక. అంతే. రుచి కాస్త తుప్పు వాసనలా ఉంటుందట, ముక్కు మూసుకుని తాగెయ్యి.

ఇవి నాకు ఇచ్చినావిడ మా దుకాణానికి అద్దాల కోసం వస్తుంది. చక్కగా మాట్లాడుతుంది. "నీరసం, చలి, జుట్టు రాలడం, మెడ వాపు... ఇదంతా అయోడిన్ చాలకే" అంది. నేను చెప్పకుండానే నీ గురించి చెప్పినట్టు అనిపించింది. తనూ వాడుతోందట. చిన్నపిల్లలా ఉంటుంది, యాభై దాటాయంటే నమ్మవు.

బావకి చెప్పు, ఇది మందు కూడా కాదట, తిండి లాంటిదేనట. ఆయన మరీ భయస్తుడు. గుడ్డ కత్తిరించే ముందు నాలుగుసార్లు కొలిచే మనిషి, దేనికైనా అంతే.

నా సంగతి మామూలే. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎవరివో కళ్ళలోకి చూస్తూ "ఇప్పుడు బాగా కనబడుతోందా, ఇందాకా?" అని అడుగుతూ ఉంటాను. ఇంటికెళ్తే ఒక్క కుర్చీ, ఒక్క కంచం. అలవాటైపోయింది. నువ్వు బాగుంటే నాకు అదే పది మంది పెట్టు.

నీ పిచిక


దుకాణం
తెల్లవారింది, ఇంకా ఎవరూ లేవలేదు

పిచికా, పిచికా,

ఎక్కడి నుంచి మొదలుపెట్టను! నా ఒంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. మొదట్లో ఏమీ తెలియలేదు. నెల దాటాక ఒకరోజు మెట్లెక్కి పైకి వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయి, దిగి, మళ్ళీ ఎక్కాను. ఆయాసం లేదు! యూనిఫారాలు అయిపోయాయి. ఆసుపత్రి వాళ్ళ కర్టెన్లు కూడా, గడువుకి ముందే. అప్పజెబితే వాళ్ళ స్టోరు గుమస్తా నోరు తెరిచాడు.

చలి పోయింది. ఉక్కగా ఉంటోంది, కిటికీలన్నీ తెరిచి కూర్చుంటున్నాను. జాకెట్లు వదులయ్యాయి, అన్నీ విప్పి బిగించుకున్నాను. ఎలాగూ విప్పాను కదా అని కాలర్లు పీకేశాను. చూసేవాళ్ళు చూడనీ.

ఒక చిన్న రహస్యం. రెండు చుక్కలకే ఇంత బాగుంటే ఐదేసుకుంటే ఎలా ఉంటుందో అని ఐదు వేసుకుంటున్నాను. అందుకే సీసా అయిపోవచ్చింది. ఇంకోటి పంపు, త్వరగా.

మీ బావే అర్థం కావడం లేదు. నా వేగానికి తను అందుకోలేక, "కాస్త కూర్చో, కాస్త పడుకో" అంటాడు. ముప్పై ఏళ్ళు కూర్చునే ఉన్నాను కదా! తను ఒక చొక్కా కత్తిరించేలోపు నేను రెండు కుట్టి, బొత్తాలు వేసి, మడతపెట్టి, ఇంకేది అంటున్నాను. ఆ టేపు మెడలో వేసుకుని నెమ్మదిగా నడుస్తుంటే వెనక నుంచి తోసెయ్యాలనిపిస్తుంది. నవ్వుతూనే అంటున్నాలే.

ఇంకో సీసా మర్చిపోకు.

అక్క


కళ్ళద్దాల దుకాణం
సోమవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి దుకాణంలోనే నవ్వేశాను. మా యజమాని అద్దాల మీద నుంచి చూశాడు. ఇంత హుషారుగా నువ్వు రాయడం నేను ఎరగను. సీసా దీంతోపాటే పంపుతున్నాను.

కానీ ఐదెందుకే? సీసా మీద రెండనే ఉంది. ఆవిణ్ణి అడిగాను, "కొందరికి ఎక్కువ పడతాయి, ఏం కాదు, ఎక్కువైతే ఒంట్లోంచి పోతాయి" అంది. అయినా నువ్వు రెండుకి తగ్గించు. నా మాట విను.

ఇంకో మాట. తప్పుగా అనుకోకు. బావ గురించి రాస్తూ "అంటాడు" అన్నావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నువ్వు ఆయన్ని "అన్నారు" అనే విన్నాను. ఏదో చేతి తొందర అనుకున్నాను. అంతేనా?

నీ పిచిక


తేదీ తెలియదు

చేతి తొందర కాదు. తెలిసే రాశాను. ఇంకా చాలా తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ పొగలో ఉన్నాను, ఇప్పుడు అన్నీ కళ్ళకు కట్టినట్టు కనబడుతున్నాయి. నిద్ర రావడం లేదు. రాకపోతే ఏం, నిద్రలో పోయిన కాలం చాలు. గుండె దడదడమంటోంది, బతికున్నానని తెలుస్తోంది.

కుట్టు వంకరపోతోంది, వేళ్ళు వణుకుతున్నాయి, మిషన్ పాడయిందని చెప్పాను, బాగుచేసేవాణ్ణి పిలవమన్నాను. వాడొచ్చి మిషన్ బాగానే ఉందన్నాడు. మీ బావా, వాడూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను చూశాను. ఇద్దరూ మాట్లాడుకున్నారు ముందే. పెళ్ళికూతురి బట్టలు కుట్టించుకున్నామె పైట అంచు బాగాలేదంది, ఆమె మొహం మీదే విసిరేశాను. మీ బావ వెళ్ళి ఆమెకి క్షమాపణ చెప్పాడు. నా దుకాణంలో, నా తరఫున, క్షమాపణ!

అప్పుడు అనేశాను. మొత్తం అనేశాను. ఏమన్నానో నీకెందుకు. అనాల్సిందే అన్నాను. బట్టలు సంచిలో పెట్టుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు. దానికే నాకు ఒళ్ళు మండింది.

ఫొటో తీయించుకున్నాను, కాలరు లేని జాకెట్టుతో. ఇందులో పెట్టాను. ఎంత చిక్కానో చూడు.


కళ్ళద్దాల దుకాణం
మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం రేపటికే చేరాలని కొరియర్లో పంపుతున్నాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నీ ఫొటో చూశాను. రోజూ కళ్ళు చూసే ఉద్యోగం నాది. నీ కళ్ళు అలా ఉండవు. రెప్పలు పైకి లాగేసినట్టున్నాయి, నల్లగుడ్డు పైన తెల్లగా కనబడుతోంది. ఎవరో నిన్ను హడలగొడితే తీసిన ఫొటోలా ఉంది. పక్కనున్న కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఫొటో చూపించి, నీ మెడ సంగతీ, చుక్కల సంగతీ, నిద్ర, వణుకు, దడ అన్నీ చెప్పాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "మెడలో గడ్డలు ఎన్నాళ్ళుగా ఉన్నాయి?" అంది. ఇరవై ఏళ్ళు పైనే అన్నాను. "ఉప్పులో ఉండే అయోడిన్ అందరికీ మంచిదే. కానీ అలాంటి పాత గడ్డలున్నవాళ్ళకి ఒక్కసారిగా అంత అయోడిన్ పోస్తే, ఆ గడ్డలు అదుపు తప్పి హార్మోన్ తయారుచేస్తూనే పోతాయి. గుండె మీద పడుతుంది. మనసు మీద కూడా పడుతుంది. చుక్కలు ఈరోజే ఆపించు. థైరాయిడ్ పరీక్ష, గుండె పరీక్ష వెంటనే చేయించు" అంది.

ఆపు అక్కా. నా మీద ఒట్టు. సీసాలో మిగిలింది పారబొయ్యి. నాకు శనివారం దాకా సెలవు ఇవ్వనన్నారు. నీకు ఫోన్ చేస్తే తీయడం లేదు. ఈలోగా నువ్వొక్కదానివే ఆసుపత్రికి వెళ్ళలేకపోతే బావని పిలువు. నువ్వు ఏమని ఉన్నా ఆయన వస్తారు.

పిచిక


దుకాణం

నీ ఉత్తరం చేరింది. బావని పిలవాలా! ఎంత ప్రేమ. మీ ఇద్దరూ ఎన్నాళ్ళుగా నా వెనక మాట్లాడుకుంటున్నారు?

నేను మూలుగుతూ మంచం పట్టుకుని ఉంటే నీకు బాగుండేది. నాలుగు జాలి మాటలు రాసి పంపేదానివి. నేను లేచి నిలబడేసరికి ఓర్వలేకపోతున్నావు. కట్టుకున్నవాడే నిన్ను వదిలేసి వెళ్ళిపోయాడు, నువ్వు నా కాపురం గురించి నాకు చెబుతావా? ఒక్క కుర్చీ, ఒక్క కంచం అని ఏడుస్తావే, ఎందుకు మిగిలాయో ఎప్పుడైనా ఆలోచించావా?

శనివారం రావద్దు. వస్తే తలుపు తీయను.


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు బయట బెంచీ
శుక్రవారం

అమ్మాయికి,

ఫోన్లో నీకు సగం చెప్పి పెట్టేశాను. అవతల ఏడుపు వింటే నాకు మాట రాదు. రైల్లో చదువుకుంటావని మీ వీధి వైపు వెళ్తున్న ఒకాయన చేతికి ఇది ఇస్తున్నాను. తీరా ఇక్కడికి వచ్చాక నన్నేమీ అడగవద్దు. అడగాల్సినవన్నీ ఇందులో రాస్తున్నాను.

గురువారం ఉదయం ఇస్త్రీ బండి అతను నాకు ఫోన్ చేశాడు. దుకాణం తలుపు తీసే ఉంది, అమ్మగారు పిలిస్తే పలకడం లేదు అన్నాడు. నేను వెళ్ళేసరికి మిషన్ ముందు కూర్చుని ఉంది. సూది కింద గుడ్డ అలాగే ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. మూతి ఒకపక్కకి పోయింది. నన్ను చూసి ఏదో అంది, అర్థం కాలేదు.

గుండె చాలా రోజులుగా లయ తప్పి కొట్టుకుంటోందట. అందులో రక్తం గడ్డకట్టి, అది మెదడుకి వెళ్ళిందట. డాక్టరు ఏమేం మందులు వాడుతోందని అడిగారు. ఇంటికెళ్ళి సీసా తెచ్చాను. అప్పటికి రెండో సీసా కూడా సగం అయింది. ఆయన చూసి, "ఇదివరకు గడ్డ చూసినవాళ్ళని ఒక్క మాట అడిగి ఉండాల్సింది" అన్నారు. నేను అడగమన్నానని చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

ప్రాణానికి భయం లేదంటున్నారు. కుడిచెయ్యి గురించి ఏమీ చెప్పడం లేదు.

నేను ఇల్లు విడిచి ఎందుకు వెళ్ళానని నువ్వు మనసులోనైనా అనుకుంటావు. పెళ్ళయిన మూడో ఏట మాకు ఒక పాప పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియనివ్వలేదు. మేం ఆసుపత్రికి బయల్దేరడానికి ముందురోజే కడుపులో ప్రాణం పోయిందని డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఎవరూ చేయగలిగింది లేదంది. ఆ తర్వాత ఆ మాట మేమిద్దరం ఇంట్లో ఎత్తలేదు.

నేను ఇల్లు విడిచి వెళ్ళిన రోజు మీ అక్క అంది: "ఆ రోజు నువ్వు చేతిలో పని ముగించి బయల్దేరావు. గుడ్డ పక్కన పడేసి నన్ను తీసుకెళ్ళి ఉంటే నా బిడ్డ బతికేది. నువ్వు చంపావు."

ఇక్కడి డాక్టర్ని ఒకటి అడిగాను. ఈ జబ్బు మనసులో లేని మాట పుట్టిస్తుందా, ఉన్న మాటని బయటికి తెస్తుందా అని. "అది నాకు తెలియదండీ" అన్నారు.

వచ్చేటప్పుడు మెత్తటి దుప్పటి ఒకటి తీసుకురా. ఇక్కడివి గరుకుగా ఉన్నాయి, తను ఓర్చుకోలేదు.

మీ బావ


నా గది
సెలవు రోజు

అక్కా,

అక్కడి నుంచి వచ్చాక ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం, ఇదే పని. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నీ కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నానే గానీ ఒక్క మాట అడగలేకపోయాను.

నువ్వు నా గురించి రాసింది నేను పట్టించుకోలేదు. అంటే, పట్టించుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ ఆ సీసా పంపిన చెయ్యి నాది. ఐదు చుక్కలని తెలిశాక రెండో సీసా పంపిన చెయ్యీ నాదే. నాకు కోపం తెచ్చుకునే హక్కు లేదు.

చుక్కలావిడ మళ్ళీ దుకాణానికి వచ్చింది. నీ సంగతి చెప్పాను. "అయ్యో పాపం, మీ అక్కగారి తత్వానికి పడలేదేమో" అంది. ఎంత మెత్తగా అందో! నేను ఆవిడ అద్దాలు తుడిచి, పెట్టెలో పెట్టి, చేతికిచ్చి, ఇంకెప్పుడూ నా దగ్గరికి రావద్దన్నాను. మా యజమాని తిట్టాడు. తిట్టనీ. అదే చిరునవ్వుతో ఎదురు దుకాణంలోకి వెళ్ళింది. ఆవిడ వెనకే వెళ్ళి వాళ్ళకీ చెప్పాను. విన్నారో లేదో.

నిన్ను ఇంటికి తెచ్చాక నేనున్న వారం రోజులూ చూశాను. బావ నీకు ముద్ద కలిపి పెడతారు, స్నానం చేయిస్తారు, మాత్రలు వేళకి ఇస్తారు. కానీ పడుకునేది ముందు గదిలో, గుడ్డలు కత్తిరించే బల్ల మీద. ఎందుకని అడిగితే నడుం నొప్పి, గట్టి చెక్క మీద హాయిగా ఉంటుందన్నారు. నిజమేనా అక్కా? ఎడమ చేత్తో రెండు ముక్కలు రాయగలిగితే రాయి. రాయలేకపోతే ఉత్త కాగితం మడిచి పంపు, చాలు.

నీ పిచిక


వెనక గది
చలికాలం మొదలైంది

పిచికా,

ఎడమ చెయ్యి. ఒకటో తరగతి పిల్ల రాత. ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు పట్టింది. రోజూ కొంత.

నీ కాపురం గురించి రాసిన మాటలకి నన్ను మన్నించు. అవి అబద్ధం. సీసా నువ్వు పంపావు, చుక్కలు నేను పోసుకున్నాను. డాక్టర్ని అడగమన్న మనిషిని నేనే ఎగతాళి చేశాను. ఎవరు ఎంత మోయాలో తూకం వేసుకోవద్దు మనం.

మెడకి మాత్ర, గుండెకి మాత్ర, రక్తం పలచబడటానికి ఇంకోటి. చిన్న గాటు పడినా రక్తం ఆగదట. అందుకని సూదులూ కత్తెరలూ నాకు అందకుండా తీసేశారు. చేతికి ఇంక ఇంతకంటే రాదన్నారు. నా మిషన్ మీద ఇప్పుడు ఒకమ్మాయి కుడుతోంది. బాగానే కుడుతుంది. ఆ చప్పుడు వింటూ పడుకుంటాను.

వేగం పోయింది. దడ లేదు, కోపం లేదు. ఆ రోజులు తల్చుకుంటే వేరే ఎవరో నా చీర కట్టుకుని నా ఇంట్లో తిరిగినట్టుంది. కానీ ఆ మనిషికి నా సంగతులన్నీ తెలుసు.

మీ బావ నడుం బాగానే ఉంది.

ఒకరోజు మాత్రలిస్తూ అడిగారు. "ఒకటి అడుగుతాను, మళ్ళీ అడగను. ఆ మాట అప్పుడు పుట్టిందా, ముందే ఉందా?"

ఆ మాట అన్నది మందేనని చెప్పొచ్చు. నమ్మేవారు. నమ్మడానికే నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. కానీ నా నోరు ఇదివరకులా తిరగదు పిచికా. పెద్ద మాటలు రావు, పొట్టివే వస్తాయి.

"ఉంది" అన్నాను.

చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. మొదటి ఏడాది ఉండేదని, అది తప్పని అప్పుడే తెలుసని, ఆయన మొహం చూస్తూ చూస్తూ కొన్నేళ్ళకి అరిగిపోయిందని, నిజంగా మర్చిపోయానని. అవి కూడదీసుకునేలోపు ఆయన గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. తర్వాత కూర్చుని అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. నిలబడి చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "అర్థమైంది" అన్నారు. అర్థమైందనే అనుకుంటాను. ఆయన అర్థం కాకుండా అర్థమైందని చెప్పే మనిషి కాదు.

నన్ను బాగా చూసుకుంటున్నారు. ఏ లోటూ లేదు. ఎవరైనా చూస్తే ఇలాంటి భర్త ఉండాలంటారు. ముప్పై ఏళ్ళు "ఏమే" అని పిలిచిన మనిషి. ఈ ఉదయం వెనక కూర్చుని, చిక్కులు తీసి, నూనె రాసి, జడ వేశారు. తర్వాత ముందుకొచ్చి అద్దం పట్టుకుని అడిగారు.

"బిగుతుగా ఉందా అండీ?"

అక్క